ఓట్ల టైములో చర్చి మైకు ఎవరి చేతికి ఇవ్వాలి: సంఘ పెద్దలకూ విశ్వాసులకూ ఒక పద్ధతి

నామినేషన్లు మొదలైన వారం నుంచి మా వైపు చర్చిల ముందు కార్లు ఆగడం మొదలవుతుంది. హాలియా, దేవరకొండ, నకిరేకల్, అచ్చంపేట, ఎటు పోయినా ఇదే. రేకుల షెడ్డులో అరవై మంది కూర్చునే చిన్న సంఘమైనా సరే, ఆదివారం ఆరాధన మధ్యలో తెల్ల చొక్కాల వాళ్లు నలుగురు వచ్చి ముందు వరసలో కూర్చుంటారు, పాస్టరు గారు వాక్యం ఆపి వాళ్లను పరిచయం చేస్తారు, శాలువా కప్పుతారు, అభ్యర్థి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, ఆ ఫోటో సాయంత్రానికల్లా మండలంలోని వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతుంది. ఇందులో ఎంతవరకు సరే, ఎక్కడ ఆపాలి అని చాలామంది నన్ను అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పెంతెకొస్తు సంఘంలోనే పుట్టి పెరిగాను. మా సంఘంలో కానుకల లెక్కలూ మీటింగుల రిజిస్టరూ నేనే రాస్తాను. స్వస్థత ప్రార్థననూ ప్రవచనాన్నీ (దేవుడు తనతో చెప్పాడని ఒకరు చెప్పే మాటనూ) నమ్ముతాను, అందుకే వాటిని ఓట్ల కోసం వాడితే ఊరుకోలేను.

2023 శాసనసభ ఎన్నికలకు ముందు మాకు దగ్గరలో మూడు రోజుల ఉపవాస కూటాలు జరిగాయి. ఆఖరి రాత్రి బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు, స్టేజీ మీద కూర్చున్న అభ్యర్థిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, "ఈయనను ప్రభువు అభిషేకించాడు, ఈ సీటు ఈయనకే" అని మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు, ఆమెన్ అన్నారు. డిసెంబరు 3న ఫలితాలొచ్చాయి, ఆయన ఓడిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం మా దగ్గర పత్తి ఏరే పనికి పోయే ఒక చెల్లె నన్ను పక్కకు పిలిచి అడిగింది: "దేవుడే చెప్పిండు కదక్కా, మల్ల గిట్లెందుకైంది?" నా దగ్గర జవాబు లేదు. అవతలి పార్టీలో ఉన్న ఎనిమిది కుటుంబాలు అప్పటికే రావడం మానేశాయి. వాటిలో మూడు ఇంకా తిరిగి రాలేదు.

ముందు తెలుసుకోవాల్సింది: వాళ్లు ఎందుకొస్తున్నారు

మన ప్రార్థన మీద గౌరవంతో వచ్చేవాళ్లూ ఉంటారు, కాదనను. కానీ లెక్క కూడా చూడండి. 2018 శాసనసభ ఎన్నికల్లో కోదాడలో గెలుపు తేడా వెయ్యి ఓట్లు కూడా లేదు, 756. అదే ఏడాది తుంగతుర్తిలో రెండు వేల లోపే. ఇలాంటి చోట అరవై మంది సంఘం అంటే అరవై ఓట్లు కాదు, ఇంటింటికీ నలుగురైదుగురు, చుట్టాలు, పక్క తండా, పక్క వాడ కలిపి మూడు నాలుగు వందల మాట. పైగా స్వస్థతనూ ప్రవచనాన్నీ నమ్మే మాలాంటి కరిస్మాటిక్ సంఘాల్లో పాస్టరు మాటకు ఉండే బరువు వేరు. పాత ఎంబీ (మెన్నోనైట్ బ్రెదరెన్) చర్చిల్లో, బాప్టిస్టు చర్చిల్లో కమిటీలు ఉంటాయి, కాన్ఫరెన్సు ఉంటుంది, ఒక నిర్ణయం నలుగురి చేతుల మీదుగా పోతుంది. నల్గొండకు 1890 ప్రాంతంలో రష్యా నుంచి మెన్నోనైట్ మిషనరీలు వచ్చిన రోజుల నుంచీ మా తాతల కాలంలో నడిచిన పద్ధతి అదే. స్వతంత్ర సంఘాల్లో అలా కాదు, పిలుపు పొందినవాడు ఒక్కడే, ఆయన నోటి నుంచి వచ్చింది ఆత్మ చెప్పిన మాటగానే చెవిన పడుతుంది. జ్వరం వచ్చినప్పుడు అర్ధరాత్రి వచ్చి ప్రార్థన చేసినవాడు, కూతురి పెళ్లికి అప్పు ఇప్పించినవాడు, తాగుడు మాన్పించినవాడు చెప్తే మనం వినకుండా ఎలా ఉంటాం. అభ్యర్థికి కావాల్సింది సరిగ్గా ఈ నమ్మకమే.

అయితే ఈ నమ్మకం ఎప్పుడూ ఓటుగా మారదని కూడా తెలుసుకోండి. 2022 నవంబరు మునుగోడు ఉప ఎన్నికలో సువార్త ప్రసంగీకుడు కె.ఎ. పాల్ గారు ఉంగరం గుర్తుతో నిలబడ్డారు. ఒకప్పుడు ఆయన సభలకు లక్షల మంది వచ్చేవాళ్లు, దేశాధ్యక్షులు ఆయనతో ఫోటోలు దిగారు. మునుగోడులో ఆయనకు వెయ్యి ఓట్లు కూడా రాలేదు. ప్రార్థనకు వచ్చిన జనం వేరు, ఓటు వేసే జనం వేరు. ఇది పాస్టర్లే ముందు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే "నా వెనక ఇంతమంది ఉన్నారు" అని అభ్యర్థికి మాట ఇచ్చేది వాళ్లే, ఫలితాలొచ్చాక ఇబ్బంది పడేదీ వాళ్లే.

నోటిఫికేషన్ రాకముందే చేయాల్సినవి

ఎన్నికల వేడి మొదలయ్యాక రూలు పెడితే "ఫలానా వాళ్లకు వ్యతిరేకంగా పెట్టారు" అంటారు. కాబట్టి ఏ ఎన్నికా లేని నెలలో, మామూలు ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘ పెద్దలు, స్త్రీల కూటం నుంచి ఇద్దరు, యవనస్థుల నుంచి ఇద్దరు కూర్చోండి. స్త్రీలు లేకుండా మాత్రం కూర్చోకండి. మన సంఘాల్లో ముప్పావు వంతు వాళ్లే, అభ్యర్థులు మహిళా సంఘాల ద్వారా వచ్చేదీ వాళ్ల దగ్గరికే. మీరు రాసుకోవాల్సింది ఒక్క పేజీ: ఆరాధన టైములో ఏ పార్టీ మనిషికీ మైకు లేదు, స్టేజీ మీద కుర్చీ లేదు, శాలువా లేదు. ప్రార్థన కావాలంటే ఆరాధన అయ్యాక, అందరికీ చేసినట్టే. ఎన్నికల నోటిఫికేషన్ నుంచి ఫలితాల దాకా అభ్యర్థుల నుంచి, వాళ్ల మనుషుల నుంచి ఏ కానుకా తీసుకోం. పాస్టరు గారు, పెద్దలు సంతకం చేసి రిజిస్టరులో అంటించండి, ఒక కాపీ తలుపు దగ్గర పెట్టండి.

పాస్టరు గారు ఒప్పుకోకపోతే ఎలా అని అడుగుతారు. ఆయనతో ఒంటరిగా మాట్లాడండి, పదిమందిలో నిలదీయకండి. చాలామంది పాస్టర్లకు ఇది టెన్షనే. మండల పాస్టర్ల ఫెలోషిప్ నుంచి ఒత్తిడి వస్తుంది, సర్పంచి ఫోన్ చేస్తాడు, "అయ్యగారూ, మా అన్న వస్తుండు, కొంచెం చూడుండ్రి" అంటాడు. అలాంటప్పుడు "మా సంఘంలో రూలు ఉంది బాబూ, నా చేతుల్లో లేదు" అని చెప్పుకోవడానికి ఆ కాగితమే ఆయనకు ఆసరా. నేను మాట్లాడిన పాస్టర్లలో సగం మంది దీన్ని సంతోషంగా ఒప్పుకున్నారు.

మైకు పక్క సంఘాలదైనా, ఫంక్షన్ హాల్లో పెట్టే పెద్ద సభలదైనా ఇదే మాట ముందే ఆర్గనైజర్లకు చెప్పండి. స్టేజీ మీద ఎవరెవరు కూర్చుంటారో రెండు రోజుల ముందే లిస్టు అడగండి. సభకు మన సంఘం పేరు ఫ్లెక్సీలో వేస్తున్నారంటే ఆ లిస్టు అడిగే హక్కు మనకుంది.

చట్టం ఏమంటుందో పాస్టరు గారికి చదివి వినిపించండి

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, చాలామందికి నిజంగా తెలియదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం అవినీతి ఆచరణ. 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనం, నలుగురు ఒకవైపు ముగ్గురు ఒకవైపుగా, ఇది అభ్యర్థి మతానికే కాదు, ఓటరు మతానికి కూడా వర్తిస్తుందని తేల్చింది. అంటే "మన క్రైస్తవులందరం ఈయనకే వేద్దాం" అని అభ్యర్థి ఒప్పుకోలుతో పాస్టరు గారు చెప్పినా, ఆ అభ్యర్థి గెలుపే కోర్టులో పోవచ్చు. అదే సెక్షన్‌లో ఇంకో ముక్క ఉంది, మన సంఘాలకు అది మరీ ముఖ్యం: ఫలానావాళ్లకు ఓటెయ్యకపోతే దేవుని కోపానికి గురవుతావని ఓటరును నమ్మించడం కూడా అక్రమ ఒత్తిడి కిందికే వస్తుంది. "అభిషిక్తుని మాట కాదంటే శాపం తగులుతుంది" అని మైకులో అనేవాళ్లకు ఈ సెక్షన్ చూపించండి.

ఇంకొకటి, 1988లో వచ్చిన మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం. గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏదైనా సరే, ఆ స్థలాన్నిగానీ నిధులనుగానీ రాజకీయ పనికి వాడకూడదు, మత సభనో పండుగనో అందుకు వాడుకోకూడదు. శిక్ష ఐదేళ్ల దాకా జైలు, పది వేల దాకా జరిమానా, అది పడేది నిర్వహించే మనిషి మీద. అభ్యర్థి కారెక్కి వెళ్లిపోతాడు, స్టేషనుకు పోవాల్సింది మన పాస్టరు గారు. ఎన్నికల ప్రవర్తనా నియమావళిలో కూడా ప్రార్థనా స్థలాలను ప్రచార వేదికలు చేయకూడదని స్పష్టంగా ఉంది.

శాసనసభ, లోక్‌సభ ఎన్నికలప్పుడైతే ఎన్నికల సంఘం వాళ్ల సీ-విజిల్ యాప్‌లో ఎవరైనా ఫోటో తీసి ఫిర్యాదు పెట్టొచ్చు, వంద నిమిషాల్లో అధికారులు స్పందించాలన్నది దాని పద్ధతి. మన షెడ్డులో ఎవరు ఫోన్ పట్టుకుని ఉన్నారో మనకు తెలియదు. ఊళ్లో మన మీద కోపం ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి అవకాశం మనమే ఎందుకివ్వాలి?

ఇక్కడే ఒక సున్నితమైన విషయం చెప్పాలి. అలంపూర్, అచ్చంపేట, నకిరేకల్, తుంగతుర్తి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గాలు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన దగ్గర బీసీ-సీ గ్రూపులో, ఒక శాతం రిజర్వేషన్‌లో పెట్టారు. ఇది న్యాయమా అని నన్ను అడిగితే కాదంటాను, వాడలో ఉండే వివక్ష బాప్తిస్మం తీసుకున్న రోజు ఆగిపోదు. కానీ నేటికి చట్టం అదే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఉద్యోగం కోసం ఎస్సీ హోదా అడిగిన ఒక క్రైస్తవ మహిళ కేసులో ఈ మాటే చెప్పింది. అందుకని స్టేజీ మీద ఎవరినీ "మన విశ్వాసి, మన సంఘ బిడ్డ" అని పరిచయం చేయకండి, బాప్తిస్మం రిజిస్టరు ఫోటోలు గ్రూపుల్లో పెట్టకండి. ఒక మనిషి తన మతం గురించి తాను చెప్పుకోవాలి. ఓట్ల హడావుడిలో వేరేవాళ్లు మైకులో అరిస్తే అతని సీటు, అతని వెనక ఉన్న పిల్లల సర్టిఫికెట్లు అన్నీ వివాదంలో పడతాయి.

కారు వచ్చి ఆగిన రోజు ఏం చెయ్యాలి

తలుపు దగ్గర ఇద్దరు పెద్దలు నిలబడండి. వచ్చినవాళ్లకు వందనాలు చెప్పండి, మంచినీళ్లివ్వండి, వెనక వరసలో అందరితో పాటు కూర్చోబెట్టండి. యాకోబు పత్రిక రెండో అధ్యాయం గుర్తుందా, బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు వస్తే మంచి చోట కూర్చోమని, బీదవాడు వస్తే అక్కడ నిలబడమని అంటే మీరు పక్షపాతం చూపినట్టే అని రాసింది. ప్రతి ఎన్నికకూ ఆ అధ్యాయం మన కళ్లముందే జరుగుతోంది, కూలీ నుంచి వచ్చిన ముసలమ్మను లేపి ఆ కుర్చీ కార్యకర్తకు వేయడం నేను చూశాను.

పార్టీ కండువా వేసుకుని వస్తే లోపలికి వచ్చేముందు తీసెయ్యమని మెల్లగా అడగండి, ఎక్కువ మంది తీసేస్తారు. ఆరాధన ఆపకండి. ఎవరైనా లేచి మైకు అడిగితే, పాట నడిపించే వాళ్లకు ముందే చెప్పి పెట్టండి, ఇంకో పాట ఎత్తుకోమని. ఇక పాస్టరు గారు చెప్పాల్సిన మాట ఇంతే: "ఈ రోజు మన మధ్యకు కొందరు పెద్దలు వచ్చారు, వాళ్లకు వందనాలు. మన సంఘంలో మైకు వాక్యానికి మాత్రమే. పాలించే వాళ్లందరి కోసం, పోటీ చేస్తున్న అందరి కోసం ప్రార్థన చేద్దాం." రాజుల కోసం, అధికారులందరి కోసం ప్రార్థన చెయ్యమని తిమోతికి పౌలు రాశాడు, అందరి కోసం అన్నాడు. కాబట్టి ప్రార్థనలో ఒక్కరి పేరు పలకకండి. పలకాలనుకుంటే పోటీలో ఉన్న అందరి పేర్లూ పలకండి.

ఫోటోలు ఆపడం కష్టం. మా దగ్గర యవనస్థులిద్దరికి అప్పజెప్పాం, ఎవరైనా ఫోన్ ఎత్తితే "అన్నా, ఆరాధనలో ఫోటోలు లేవు" అంటారు. మొదట్లో గొడవైంది, తర్వాత అలవాటైంది.

డిసెంబరు ఎన్నికలైతే ఇంకా జాగ్రత్త. 2025లో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు డిసెంబరు 11, 14, 17 తేదీల్లో, సరిగ్గా సెమీ క్రిస్మస్‌ల (క్రిస్మస్ రోజు కాకుండా విడిగా జరుపుకునే వేడుకల) మధ్య వచ్చాయి. కేకు ఖర్చు నాది, చీరలు నావి, బిర్యానీ నాది అని ముగ్గురు అభ్యర్థులు పోటీ పడ్డ ఊళ్లున్నాయి. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులు ఉండవు కాబట్టి పర్వాలేదనుకుంటారు, అది పొరపాటు, అక్కడా నియమావళి ఉంటుంది. పోలింగు అయ్యాక సెమీ క్రిస్మస్ పెట్టుకోండి, చిన్నగా పెట్టుకోండి, చందా మనమే వేసుకుందాం.

సిమెంటు బస్తాలు, సౌండ్ బాక్సులు, ప్లాస్టిక్ కుర్చీలు, కవర్లో డబ్బు, వీటి గురించి ఎక్కువ చెప్పను. తీసుకోకండి. పాస్టరు గారి ఇంటికి రాత్రిపూట పంపిస్తే మర్నాడు పొద్దున్నే ఇద్దరు పెద్దలు వెళ్లి తిరిగి ఇచ్చి రండి, ఇచ్చినట్టు రిజిస్టరులో రాయండి.

ప్రవచనం వస్తే

అసలు కష్టం ఇక్కడ ఉంది. రూలు పెట్టడం తేలిక, "ఆత్మ నాతో చెప్పాడు" అన్న మనిషిని ఆపడం తేలిక కాదు. ఆత్మను ఆర్పకండి అని మనమే కదా నేర్పుతాం. కానీ అదే చోట, ప్రవచనాన్ని తృణీకరించవద్దన్న వెంటనే, అన్నిటినీ పరీక్షించండి అని కూడా ఉంది. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడాలి, మిగతావాళ్లు వివేచించాలి అని పౌలు కొరింథీయులకు రాశాడు. బైబిల్లో అహాబు రాజు ముందు నాలుగు వందల మంది ప్రవక్తలు ఒకే గొంతుతో యుద్ధంలో గెలుస్తావని చెప్పారు, కాదన్నవాడు మీకాయా ఒక్కడే, వాడిని జైల్లో పెట్టారు, రాజు యుద్ధంలో చచ్చాడు. గెలిచేవాడి పక్కన నిలబడి గెలుస్తావని చెప్పే ప్రవచనం అప్పుడూ ఉంది.

ఇప్పుడూ ఉంది, మన ఊళ్లోనే కాదు. 2020లో అమెరికాలో చాలామంది కరిస్మాటిక్ ప్రవక్తలు ట్రంప్ మళ్లీ గెలుస్తాడని ప్రభువు పేరుతో చెప్పారు, ఆయన ఓడిపోయాడు. వాళ్లలో జెరెమయా జాన్సన్ అనే ఆయన 2021 జనవరిలో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, దానికి ఆయనకు సొంత జనం నుంచే తిట్లు వచ్చాయి. ఆయన పక్కన నిలబడి తప్పు ఒప్పుకున్నవాళ్లు కొద్దిమందే. నేను ఆ క్షమాపణ సంగతి తెలిసిన రోజు మా ఉపవాస కూటాలు గుర్తొచ్చి బాధపడ్డాను, మా దగ్గర ఆ ప్రసంగీకుడు మళ్లీ వచ్చాడు, ఆ మాట గురించి ఒక్క ముక్క ఎత్తలేదు, మేమూ అడగలేదు. ఆ తప్పు మాది కూడా.

కాబట్టి సభకు ఒప్పుకునేముందే ప్రసంగీకుడికి చెప్పండి: ఎన్నికల గురించి, అభ్యర్థుల గురించి ప్రవచనం వస్తే మైకులో చెప్పకూడదు, రాసి పెద్దల చేతికివ్వాలి, తేదీ వేసి కవర్లో పెడతాం, ఫలితాల తర్వాత సంఘం ముందు తెరుస్తాం. నిజంగా దేవుని మాటైతే కవర్లో ఉన్నా నెరవేరుతుంది. ఈ షరతు వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఒప్పుకోనివాళ్లను పిలవకండి, ఎంత పేరున్నవాళ్లైనా సరే. అప్పటికప్పుడు స్టేజీ మీద అనేస్తే, ఆ రాత్రే ముగింపు ప్రార్థనలో పాస్టరు గారు "ఆ మాట సంఘం పరీక్షించలేదు, మీ ఓటు మీ మనస్సాక్షితో వేసుకోండి" అని చెప్పాలి. వారం ఆగితే ఆ మాట ఊరంతా పాకిపోతుంది.

యూట్యూబులో వినే బోధలను కూడా ఇలాగే పరీక్షించండి. "ఏడు పర్వతాలు" అని ఒక మాట మన యవనస్థుల నోట్లో వినిపిస్తోంది. 1975లో అమెరికాలో బిల్ బ్రైట్, లోరెన్ కన్నింగ్‌హామ్ అనే ఇద్దరు క్రైస్తవ నాయకుల దగ్గర మొదలైన ఆలోచన ఇది. కుటుంబం, మతం, చదువు, మీడియా, కళలు, వ్యాపారం, ప్రభుత్వం, ఈ ఏడింటిలో క్రైస్తవులు ప్రభావం చూపాలన్నది దాని మొదటి రూపం, తర్వాతి బోధకులు దాన్ని పట్టు సాధించడం దాకా తీసుకెళ్లారు. బ్రెజిల్‌లో 2022 జనగణన ప్రకారం సువార్తిక సంఘాల వాళ్లు దాదాపు 27 శాతం, అక్కడ పార్లమెంటులో వాళ్లకంటూ ఒక గట్టి బృందమే ఉంది. మనం 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో 1.34 శాతం. వాళ్ల మాటలు మనం మన ఊళ్లో పలికితే వచ్చేది అధికారం కాదు, పక్కింటివాళ్ల అనుమానం. అధికారం వచ్చిన చోటైనా ఏమైందో చూడండి. జాంబియాలో 1991 డిసెంబరు 29న అధ్యక్షుడు చిలూబా తన దేశాన్ని క్రైస్తవ దేశంగా ప్రకటించాడు, పాస్టర్లు ఆనందించారు. అదే మనిషిని 2007లో లండన్ హైకోర్టు ప్రజాధనం మళ్లించిన కేసులో బాధ్యుడిగా తేల్చింది, 2009లో జాంబియా కోర్టు నిర్దోషి అంది. ఏ తీర్పు సరైనదో మనం తేల్చలేం, కానీ ఆ కేసులన్నిటిలో సంఘం పేరు కూడా నలిగింది.

మరి మనకు కావాల్సినవి ఎలా అడగాలి

మైకు ఇవ్వకపోతే మన పనులు ఎవరు చేస్తారు అనే భయం నిజమైనదే. సమాధుల స్థలం లేని ఊళ్లు ఎన్నో. ఊరికో వైకుంఠధామం కట్టారు, అది దహనానికి, మనం పాతిపెట్టుకునేవాళ్లం, చావు రోజున శవం పెట్టుకుని చెరువు గట్టు మీద బతిమాలుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

దీనికి దారి వేరే ఉంది. ఎన్నికలకు ముందు, చర్చిలో కాకుండా, అనుమతి తీసుకుని స్కూలు ఆవరణలోనో ఫంక్షన్ హాల్లోనో అభ్యర్థులందరినీ పిలవండి. ఒక్క క్రైస్తవులుగా కాదు, వాడవాళ్లు, తండావాళ్లు, ఇంకెవరికి సమస్య ఉంటే వాళ్లతో కలిసి పిలవండి. అందరికీ అవే మూడు ప్రశ్నలు, తలా ఐదు నిమిషాలు, ప్రార్థన ఉండదు, ప్రవచనం ఉండదు, జవాబులు రాసి పెట్టుకోండి. రాని అభ్యర్థి పేరు కూడా రాసుకోండి.

ఫలితాలొచ్చిన రెండు వారాలకు, గెలిచినవాళ్ల దగ్గరికీ ఓడినవాళ్ల దగ్గరికీ కూడా పొండి. ఓడినవాళ్ల దగ్గరికి పోవడం చాలామంది మర్చిపోతారు, తర్వాతి ఐదేళ్లలో ఎవరు ఎటు మారతారో ఎవరికి తెలుసు, పైగా ఆ ఇంట్లో కూడా మన విశ్వాసులు ఉంటారు. ఆ తర్వాత సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి దరఖాస్తు పట్టుకెళ్లండి: ఏ సర్వే నంబరు, ఎంత స్థలం, ఎన్ని కుటుంబాలు, గ్రామసభ తీర్మానం కాపీ. తహసీల్దారు ఆఫీసులో కూడా ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు నంబరు రిజిస్టరులో, ఎన్నికలప్పుడు అభ్యర్థుల జవాబులు రాసుకున్న పేజీ పక్కనే రాయండి, నెలకోసారి ఒకరు ఫోన్ చేసి కనుక్కోవాలి, ఆ పని స్త్రీల కూటానికి అప్పజెప్పండి, వాళ్లు మర్చిపోరు.